అక్షరం ఎవరి సొత్తు?

"మనకెందుకండీ ఆ గొడవ? పని జరిగిపోతోందా లేదా?"

కంప్యూటర్ల గురించీ, ఫోన్ల గురించీ, వాటిలో తెలుగు రాసుకునే పద్ధతుల గురించీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన రచయితల్లో చాలామంది అనే మాట ఇది. మా బడిలో ఉపాధ్యాయుల గదిలో ఇదే వింటాను. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల కంప్యూటర్ సామాను బేరమాడే వాళ్ళ నోటా ఇదే వింటాను. ఏది చవక, ఏది త్వరగా పని చేస్తుంది, ఏది నలుగురూ వాడుతున్నారు అనే మూడు ప్రశ్నలతో సాధనం గురించిన చర్చ ముగిసిపోతుంది. ఆ సాధనం ఎవరి చేతిలో ఉంది అనే నాలుగో ప్రశ్న ఎవరూ వెయ్యరు. భూమి గురించీ, మిల్లు గురించీ, అచ్చుయంత్రం గురించీ ఆ ప్రశ్న వేయడం నేర్చుకున్న మనం, మన అక్షరం గురించి మాత్రం వేయకుండా ఊరుకున్నాం. సాధనానికి పక్షం ఉండదనే ఈ అభిప్రాయం పైకి కనిపించేటంత అమాయకమైనది కాదు. గత నలభై ఏళ్ళ తెలుగు అక్షరం చరిత్రే అందుకు సాక్ష్యం.

నేనూ ఆ అభిప్రాయంతోనే ఉండేవాణ్ణి. నన్ను మార్చింది సిద్ధాంతం కాదు, ఒక సీడీ.

2003లో, ఎం.ఏ. తెలుగు పూర్తిచేసిన కొత్తలో, మేం కొద్దిమంది మిత్రులం కలిసి ఒక రైల్వే కార్మికుడి పాటల పుస్తకం వేశాం. ఆయన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. పాత డ్యూటీ కాగితాల వెనక పెన్సిల్‌తో రాసుకున్న పాటలు అవి. చందాలు పోగుచేసి, ఒక చిన్న డి.టి.పి. సెంటర్‌లో కంపోజ్ చేయించి, మూడు వందల ప్రతులు అచ్చు వేయించాం. పని అయ్యాక ఆ కాగితాలు ఏమయ్యాయో మేం అడగలేదు. సీడీ ఉంది కదా అనుకున్నాం. తర్వాత కొన్నేళ్ళకు ఆయన చనిపోయారు. నిరుడు పునర్ముద్రణ తలపెట్టి, కుటుంబం అనుమతి తీసుకుని, ప్రతి కోసం వెతికితే ఒకే ఒకటి దొరికింది. అందులో ఒక ఫారం లేదు. అంటే పదహారు పేజీలు. సీడీ పెట్టి చూస్తే ఫైలు తెరుచుకుంది, తెలుగు మాత్రం లేదు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. ఆ ఫాంటు అమ్మిన సంస్థ ఇప్పుడు లేదు. డి.టి.పి. సెంటర్ ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

పాఠపరిష్కరణ గురించి చదువుకున్నవాణ్ణి నేను. సి.పి. బ్రౌన్ రాతప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన సంగతి పిల్లలకు పాఠం చెబుతుంటాను. తాళపత్రాన్ని పురుగు తింటే, తినగా మిగిలినది చదవవచ్చు. 1829 నాటి అచ్చుపుస్తకాన్ని చదవడానికి ఇవాళ అక్షరజ్ఞానం ఉంటే చాలు. 2003 నాటి మా ఫైలు చదవడానికి మాత్రం మూతపడిన సంస్థ తాళంచెవి కావాలి. దీనిని ప్రగతి అని ఎలా అనగలం?

2

నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు సికింద్రాబాదు సందుల్లో ఇంకా సీసపు అక్షరాల ప్రెస్సులు నడుస్తుండేవి. కంపోజిటర్ ఎదుట ఏటవాలుగా నిలబెట్టిన కేసులు, వాటి గళ్ళనిండా అక్షరాలూ గుణింతాలూ వత్తులూ. ఇంగ్లీషులో పెద్దవీ చిన్నవీ కలిపి యాభై రెండు అక్షరాలతో గడిచే పనికి తెలుగులో వందలకొద్దీ టైపులు కావాలి. అందుచేత తెలుగు ప్రెస్సు పెట్టడం ఖర్చుతో కూడిన వ్యవహారం. అక్షరాలు పోతపోసే ఫౌండ్రీ ఒకరిది, ప్రెస్సు మరొకరిది, రచన ఇంకొకరిది. ఆస్తి సంబంధాలు అప్పుడూ ఉన్నాయి. అయితే ఒక్క విషయం గమనించాలి. ఫౌండ్రీ యజమానికి సీసం మీద హక్కు ఉండేది గాని, అచ్చయిన కాగితం మీద ఉండేది కాదు. పుస్తకం బయటికి వచ్చాక దానిని చదవడానికీ, చేత్తో నకలు రాసుకోవడానికీ ఫౌండ్రీ అడ్డు వచ్చేది కాదు.

కంప్యూటర్ రాకతో ఈ హద్దు చెరిగిపోయింది. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుషులు చేసుకునే ఒప్పందం. అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ అనే ఒప్పందంలో ఉన్నవి 128 స్థానాలు. తర్వాత విస్తరించుకున్నా 256. వాటిలో తెలుగుకు చోటు లేదు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. దేవనాగరి, బెంగాలీ, తమిళం, తెలుగు మొదలైన లిపులకు ఒకే వరుసలో అంకెలు కేటాయించిన ప్రమాణం అది. ఐఐటి కాన్పూరులో మొదలై పూనాలోని సి-డాక్‌లో సాగిన కృషి దాని వెనక ఉంది. ప్రజాధనంతో తయారైన ఉమ్మడి ఒప్పందం అన్నమాట. కాని డి.టి.పి. బజారు దానిని లక్ష్యపెట్టలేదు.

బజారు ఏం చేసింది? ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చింది. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకొకచోట. కంప్యూటరు దృష్టిలో అదంతా ఇంగ్లీషే, పైన తెలుగు ముసుగు వేశారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది కంపెనీకొక తీరు. పెద్ద దినపత్రికలు సొంత ఫాంట్లు చేయించుకున్నాయి. ఒక పత్రికను కంప్యూటర్‌లో చదవడానికి ఒక ఫాంటు, మరొక పత్రికకు మరొక ఫాంటు దించుకోవలసి వచ్చేది. డి.టి.పి. సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి కంప్యూటర్ వెనక తగిలించే తాళం ముక్క ఉండేది. అది లేకపోతే అక్షరం కదలదు.

ఒకే భాష, ఒకే లిపి, ఎన్నో సంకేతాలు. గిడుగు రామమూర్తి పోరాటం గుర్తు చేసుకోండి. కొద్దిమంది గుప్పిట్లో ఉన్న రాతను జనం మాటకు దగ్గర చేయడమే ఆ పోరాటం సారాంశం. దాని ఫలితాన్ని అనుభవిస్తున్న మనం, జనం మాటలో రాసినదాన్ని తీసుకుపోయి మళ్ళీ కొందరి గుప్పిట్లో పెట్టాం. 1990 తర్వాత పదిహేనేళ్ళకు పైగా స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యాలు తెలుగునాట గట్టిగా వినిపించిన కాలం. ఆ కాలపు రచనల్లో ఎంతో భాగం ఈ రకపు ఫైళ్ళలోనే కంపోజయింది. పేరున్న పుస్తకాలు గ్రంథాలయాల్లో మిగులుతాయి. చిన్న పత్రికల సంగతి, కరపత్రాల సంగతి, మా రైల్వే కార్మికుడి పాటల సంగతి ఏమిటి?

3

దీనిని ఎదుర్కొన్నది ఎవరు? నిజం చెప్పుకోవాలంటే రచయితల సంఘాలు కావు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రోమన్ లిపిలో టైపు చేస్తే తెలుగు వచ్చే ఆర్‌టిఎస్ పద్ధతిని 1990ల మొదట్లో రూపొందించారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. కావ్యాన్ని రాజులకు అమ్ముకోనన్నాడని లోకం చెప్పుకునే కవి పేరూ, జనం నాలుక మీద బతికిన కవి పేరూ వాటికి పెట్టడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. వెన్న నాగార్జున 'పద్మ' అనే పరికరంతో పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది కూడా ఆయన చొరవతోనే. వీవెన్ చేసిన 'లేఖిని' ఎందరికో తెలుగు టైపింగు నేర్పింది. హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేసే గ్నూ లినక్సును తయారుచేసింది.

వీళ్ళ కృషికి పునాది యూనికోడ్. 1991లో వెలువడిన ఈ ప్రమాణం ఇస్కీ వరుసనే ఆధారం చేసుకుని తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఇక్కడ అంకె ముక్కకు కాదు, వర్ణానికి. 'ల' ఒక అంకె, పొల్లు ఒక అంకె. 'ల', పొల్లు, 'ల' వరుసగా వస్తే లవత్తు ఆకారం చూపించడం ఫాంటు పని. రాత వేరు, రూపం వేరు అయ్యాయి. ఫాంటు మారినా, కంపెనీ మూతపడినా రాత చెడదు.

అయితే యూనికోడ్‌ను దానధర్మంగా చూడటం పొరపాటు. దానిని నడిపే సంఘంలో పెత్తనం పెద్ద కంపెనీలదే. ప్రపంచమంతా ఒకే మార్కెట్టు కావాలంటే ఒకే సంకేతం కావాలి. పెట్టుబడి తన అవసరం కోసం వేసిన పట్టాల మీదే కార్మికోద్యమమూ ప్రయాణం చేసింది. సికింద్రాబాదు వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వేరే దిక్కు నుంచి వచ్చింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించాడు. 1989లో వచ్చిన జిపిఎల్ లైసెన్సు సారం ఇది: ఎవరైనా వాడవచ్చు, లోపల చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పంచేటప్పుడు మాత్రం అవే హక్కులు పుచ్చుకునేవాళ్ళకూ ఇవ్వాలి. ఇంగ్లీషులో ఒకే మాటకు 'ఉచితం', 'స్వేచ్ఛ' అనే రెండర్థాలూ ఉండటం వల్ల ఆ ఉద్యమం ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. తెలుగులో ఆ రెండూ వేర్వేరు మాటలు. అయినా మనమే కలిపేసుకుంటాం. కాసు అడగనిదల్లా మనదే అనుకుంటాం.

4

మా ఫైలు సంగతికి వస్తాను. మా బడిలో చదివి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్న ఒక అమ్మాయి దానిని పట్టుకుంది. దొరికిన ప్రతిలోని పేజీలనూ ఫైలులోని పిచ్చిగీతలనూ పక్కపక్కన పెట్టి, ఏ గుర్తు ఏ తెలుగు ముక్కో పట్టిక వేసింది. ఎవరో రాసి లోకానికి వదిలిన మార్పిడి ప్రోగ్రామును తీసుకుని మా ఫాంటుకు సరిపడేలా దిద్దింది. దిద్దడానికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు. మూడు వారాల్లో పదహారు పేజీలూ తిరిగి వచ్చాయి.

కాని పూర్తిగా కాదు. ఫైలు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మారినప్పుడెప్పుడో కొన్ని గుర్తులు రాలిపోయాయి. అచ్చు ప్రతితో పోల్చి చూస్తే లవత్తు కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. పోల్చడానికి అచ్చు లేని ఆ పదహారు పేజీల్లో ఒక పాట ఉంది. అందులో 'పెద్దలు చెప్పిన కల' అని వచ్చింది. ఆయన రాసింది 'కల'నా, 'కల్ల'నా? కల అయితే ఆ పాట ఆశ, కల్ల అయితే ఆగ్రహం. ఆయన పాట విన్న ఇద్దరు పెద్దవాళ్ళను అడిగాం. ఒకాయన కల అన్నాడు, ఇంకొకాయన కల్ల అన్నాడు. కొత్త ముద్రణలో రెండు పాఠాలూ ఇచ్చాం. ప్రాచీన కావ్యాలకు ఇచ్చే అధోజ్ఞాపిక, ఇరవై రెండేళ్ళ నాటి కార్మికుడి పాటకు ఇవ్వవలసి వచ్చింది. అది మా అజాగ్రత్తకు గుర్తుగా ఆ పేజీ అడుగున ఉంటుంది.

5

యూనికోడ్ వచ్చింది కనుక కథ సుఖాంతమైందా? కాలేదు. తాళం అక్షరం మీద నుంచి అరుగు మీదికి మారింది. 'రచ్చబండ' వంటి సాహిత్య చర్చలు యాహూ గ్రూపుల్లో జరిగాయి. ఆ సంస్థ 2020 డిసెంబరులో గ్రూపులన్నిటినీ మూసేసింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. ఇవాళ మన కవులు ఫేస్‌బుక్‌లోనే రాసి, అక్కడే దాచి, అక్కడే పోగొట్టుకుంటున్నారు. ఆ కంపెనీ 2015లో కొన్ని సైట్లు మాత్రమే చూపించే ఉచిత ఇంటర్నెట్టును మన దేశంలో పంచబోయింది. దేశవ్యాప్త చర్చ తర్వాత 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ అటువంటి వివక్షతో కూడిన ధరలను నిషేధించింది. ఉచితం ఎప్పుడు సంకెల అవుతుందో సామాన్యులు సైతం చర్చించిన అరుదైన సందర్భం అది.

2018 ఫిబ్రవరిలో మరో సంగతి జరిగింది. తెలుగు 'జ్ఞ'కు కంటికి కనిపించని ఒక గుర్తూ దీర్ఘమూ చేరిన కూర్పు ఐఫోన్‌కు అందితే, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలేది. జ్ఞానాన్ని యంత్రం భరించలేకపోయిందని అందరం నవ్వుకున్నాం. కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. కాని సరిచేయగలిగినది ఆ కంపెనీ ఒక్కటే. అక్షరం మనది, దోషం వాళ్ళది, ఎదురుచూపు మనది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునూ ఆరాధనతో చూడనక్కర్లేదు. చాలామంది జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్సే. ఆ ఫోన్ వాడేవాడికి మాత్రం స్వేచ్ఛ రాలేదు. వలంటీర్ల శ్రమను పెద్ద కంపెనీలు లాభంగా మార్చుకుంటున్నాయి. ఒక మిత్రుడు నన్ను సూటిగా అడిగాడు: "ఫాంటు గీసినవాడూ శ్రామికుడే కదా, అతని కూలి ఎవరిస్తారు?" న్యాయమైన ప్రశ్న. కూలి ఇవ్వాలి. రచయితకూ ఇవ్వాలి. కూలి ఇవ్వడం వేరు, అక్షరానికి తాళం వేసే అధికారం ఇవ్వడం వేరు. సీసపు టైపుకు డబ్బిచ్చి కొనుక్కున్న రోజుల్లో ఆ రెంటికీ తేడా మనకు తెలుసు.

ఇక మన సంగతి. ఇది ఇంజనీర్ల పని అని రచయితలం తప్పుకోవడం కుదరదు. పత్రిక ప్రతి సంచికనూ యూనికోడ్‌లో, ఏ యంత్రమైనా చదవగల మామూలు పాఠంగా దాచాలి. ఒకరి దగ్గర కాదు, మూడుచోట్ల దాచాలి, అందులో ఒకటి గ్రంథాలయం కావాలి. రచయిత ఒప్పుకుంటే పంచుకునే హక్కుతోనే ప్రచురించాలి. లేకపోతే, రచయిత మరణించాక అరవై ఏళ్ళ దాకా వారసుల కోసం వెతుక్కోవలసి వస్తుంది. అరుగు ఎవరిదైనా మాట్లాడవచ్చు, మాట్లాడినదాని నకలు మాత్రం మన ఇంట్లో ఉండాలి. అన్నిటికంటే ముందు, రాతప్రతిని కంపోజిటర్ దగ్గర వదిలి రాకూడదు.

ఇవి చాలా చిన్న పనులు. 2003లో మేం వీటిలో ఒక్కటి చేసి ఉన్నా, ఆ రైల్వే కార్మికుడు కల అన్నాడో కల్ల అన్నాడో ఇవాళ మాకు తెలిసేది.