కోటలకు ముందున్న బాట

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ నల్లరేగడిలో ఉన్న పెద్దకడుబూరు సీమ చరిత్రను ఎవరు రాసినా ఆదోని కోటతోనే మొదలుపెడతారు. విజయనగరం, ఆదిల్‌షాహీలు, మొగలులు, టిప్పు, 1800లో కుంఫిణీ. ఇంతమంది ఇక్కడికే ఎందుకు ఎగబడ్డారన్న ప్రశ్న మాత్రం అరుదు. రాయచూరు అంతర్వేది నుంచి తుంగభద్ర దాటి గుత్తి వైపు దిగే బాట కోటకన్నా, అశోకుడికన్నా పాతదని, ఏలినవాళ్లంతా ఆ బాటను పట్టుకోవడానికే వచ్చారని నా వాదన.

అశోకుడి శాసనాలు దొరికిన చోట్లు చూడండి. రాయచూరు జిల్లాలో మస్కి, సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు, ఉదేగోళం, పత్తికొండ దగ్గర రాజులమందగిరి, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి. నదికి ఆవల మొదలై ఈవల ఆగ్నేయంగా సాగిన ఈ వరసకు ఆనుకునే ఆదోని ఉంది. భేరి మోగించి జనపదాలకు ఆజ్ఞ వినిపించాలని ఎర్రగుడి శాసనం రజ్జుకులనే అధికారులను ఆదేశిస్తుంది. మనుషులు మసలని చోట ఆ భేరి ఎవరికోసం? చిత్రదుర్గం జిల్లాలోని బ్రహ్మగిరి శాసనం ఇంకా గట్టి సాక్ష్యం. మౌర్యుల దక్షిణాది కేంద్రమైన సువర్ణగిరి నుంచి ఇసిల అనే చోటి అధికారులకు వెళ్లిన ఉత్తర్వు అది. రాసిన చపడుడు శాసనమంతా బ్రాహ్మీలో చెక్కి, చివర తాను లిపికరుడినన్న ముక్కను ఖరోష్ఠిలో పెట్టాడు. కుడి నుంచి ఎడమకు సాగే ఆ లిపి గాంధారం వైపుది. అంత దూరపు చదువు ఇక్కడి బండ దాకా నడిచే వచ్చింది.

ఈ శాసనాలు ఇక్కడ వెలసింది బాట వల్ల కాదు, గనుల కోసమేనని ఒక అభ్యంతరం. దానికి బలం ఉంది. మస్కి శాసనం 1915లో బంగారు గనుల ఇంజనీరు కంటబడింది, ఎర్రగుడిది 1929లో భూగర్భ శాస్త్రవేత్త కంట. జొన్నగిరిలో బంగారం, వజ్రకరూరులో వజ్రాలు ఉన్నమాట నిజమే. కానీ దక్షిణాదిన శంఖాలు, వజ్రాలు, మణులు, ముత్యాలు, బంగారం మెండని అర్థశాస్త్రం చెప్పింది గనులను పోలుస్తూ కాదు, వర్తక మార్గాలను పోలుస్తూ. హిమాలయాల దారే మేలన్న గురువుతో కౌటిల్యుడు విభేదించింది అక్కడే. పైగా ఈ రాజ్యాలేవీ లేని కొత్తరాతియుగంలోనే బళ్లారి పక్కన సంగనకల్లులో రాతి గొడ్డళ్లు పెద్దఎత్తున తయారయ్యాయి, తెక్కలకోటలో పశువుల కాపరులు కాపురమున్నారు. మేతకు గొడ్లను తోలుకుపోయిన దారులే తర్వాతి వర్తకులకు బాటలయ్యాయనడం సబబు.

వానకు జిగటగా మారే రేగడిలో బండి ఎలా నడిచిందని మరో ప్రశ్న. బండితో పనేముంది? సంచార వర్తకులైన సుగాలీలు ఉప్పు, ధాన్యం మోసింది పెరికె ఎద్దుల మీద. మడక చాలు పట్టుకునీ నడిచే ఎద్దుకు రాళ్లు పరిచిన రోడ్డు అక్కర్లేదు. అందుకే ఇక్కడ రోడ్డు ఆనవాళ్లు వెతకడం దండగ. నీటిమట్టం తగ్గితే నదిని కాలినడకన దాటేవాళ్లు, లేదంటే పుట్టి. విజయనగరానికి ఎదురుగా ఆనెగొంది దగ్గర తోలు తొడిగిన గుండ్రటి పుట్టిలో పదిహేను, ఇరవై మంది ఎక్కేవారనీ, గుర్రాలూ ఎద్దులూ కూడా దాటేవనీ 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ రాశాడు.

1871లో మద్రాసు రైలు రాయచూరులో బొంబాయి రైలును కలిసింది. గుత్తి, గుంతకల్లు, ఆదోని, తుంగభద్ర వంతెన, రాయచూరు: ఇంజనీర్లు కొలిచి ఎంచుకున్నదీ దాదాపు ఆ వరసే. సుగాలీల ఎద్దుల బిడార్లు రైలుతో పోటీపడలేకపోయాయి. ఆదోని పత్తి బజారుగా నిలిచింది, పట్టాలకు దూరంగా ఉన్న పెద్దకడుబూరు వెనకబడింది.