వేదికపై రెండు గంటలు, మిగిలిన రోజంతా దారిలోనే: ఢిల్లీ రాక్ బృందం ‘ఇండియన్ ఓషన్’

సినిమా పాటలే సంగీత విపణిని ఏలుతున్న దేశంలో, సినిమాను ఆశ్రయించకుండా మూడు దశాబ్దాలకు పైగా నిలిచిన రాక్ బృందాలు బహు కొద్ది. ఢిల్లీలో పుట్టిన ‘ఇండియన్ ఓషన్’ వాటిలో ఒకటి. ఊరూరా తిరిగి కచేరీలు చేయడమే ఆ బృందానికి జీవనాధారం. దానికి తీరని నష్టం కలిగినదీ అలాంటి ఒక ప్రయాణంలోనే.

ఆరంభం

గిటారు వాద్యకారుడు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే గానం చేసే అశీమ్ చక్రవర్తి 1990లో ఈ బృందాన్ని ప్రారంభించారు. 1991లో బేస్ గిటారుతో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ వచ్చి చేరారు. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, స్వదేశానికి తిరిగివచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. ఆ నదీ లోయలో ఆయన నేర్చుకున్న జానపద గీతమే ‘మా రేవా’గా బృందం కచేరీల్లో ప్రసిద్ధి చెందింది.

తొలి ఆల్బమ్ 1993లో వెలువడింది. రెండవదైన ‘డెజర్ట్ రెయిన్’ స్టూడియోలో రూపొందినది కాదు. రంగస్థల కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మృత్యర్థం 1997 జనవరి 1న ఢిల్లీలోని మండీ హౌస్ ప్రాంతంలో జరిగిన బహిరంగ కచేరీలో రికార్డు చేసిన సంగీతమది. 2000లో వచ్చిన ‘కందీసా’ బృందానికి విశేషమైన పేరు తెచ్చింది. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థనా గీతం ఆ ఆల్బమ్‌కు పేరు పాట.

ప్రయాణం ఎందుకు తప్పనిసరి?

సినిమా గాయకుడు ముంబయిలోనో హైదరాబాద్‌లోనో స్టూడియోలో పాడితే చాలు, ఆ పాట తనంత తానే ఊరూరా తిరుగుతుంది. రాక్ బృందానికి ఆ సౌలభ్యం లేదు. పాట ఎక్కడికి వెళ్లాలో అక్కడికి పాడేవారూ వెళ్లాలి. ఆల్బమ్ అమ్మకాల్లో కళాకారుల వాటా స్వల్పం కావడం వల్ల కచేరీ పారితోషికమే ప్రధాన ఆదాయం. కళాశాలల ఉత్సవాలు, నగరాల సంగీతోత్సవాలు, సంస్థల వేడుకలు, విదేశీ పర్యటనలు ఇందుకు అవకాశం కల్పిస్తాయి.

ఉత్తర భారతంలో ఆరుబయట కచేరీలకు అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఢిల్లీలో దట్టమైన పొగమంచు కమ్మి, విమానాలు, రైళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యే డిసెంబరు, జనవరి నెలలూ అందులోనివే. పని ఎక్కువగా దొరికే రోజుల్లోనే ప్రయాణం నమ్మరానిదవుతుంది. అందుకే సాయంత్రం కచేరీకి ముందురోజే బయలుదేరడం క్షేమమని అనుభవజ్ఞులు భావిస్తారు.

కచేరీ రోజు

సామాను సర్దడంతోనే పని మొదలవుతుంది. గిటార్లు, తాళాలు, చిన్న వాద్యాలను కళాకారులు వెంట తీసుకువెళతారు. పెద్ద డ్రమ్ములు, యాంప్లిఫయర్లు, స్పీకర్లు సాధారణంగా నిర్వాహకులే సమకూర్చాలి. ఏయే పరికరాలు కావాలో, వేదికపై ఎవరు ఎక్కడ ఉంటారో తెలిపే పత్రాన్ని ముందుగానే పంపుతారు.

మధ్యాహ్నం వేదిక వద్ద సౌండ్ చెక్ జరుగుతుంది. ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా, ఆపై అన్నింటినీ కలిపి వాయించి ధ్వనిని సరిచూస్తారు. తబలా, డ్రమ్స్ పక్కపక్కనే ఉండే బృందానికి ఇది మరింత క్లిష్టం. తబలా ముందున్న మైకు డ్రమ్ముల మోతను కూడా లాగేసుకుంటుంది. దీనికి తోడు వాతావరణం. విశాఖపట్నం వంటి తీరనగరాల తేమకు తబలా చర్మం సడలి శ్రుతి దిగుతుంది. ఢిల్లీ పొడి గాలికి బిగుస్తుంది. ఊరు మారినప్పుడల్లా సుత్తితో మళ్లీ శ్రుతి చేసుకోవలసిందే.

ఆ తరువాత నిరీక్షణ. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వాలు సడలింపు ఇవ్వగలవు. అందువల్ల ముందు ప్రసంగాలు సాగితే కోత పడేది పాటకే. కచేరీ ముగిశాక వాద్యాలు సర్దుకుని, కాసేపు కునుకు తీసి, తెల్లవారకముందే మరో ఊరికి ప్రయాణం కట్టవలసి రావచ్చు.

విడిచి వెళ్లిన ఇల్లు

తెలుగువారికి సంచార కళాజీవితం కొత్తది కాదు. 1885లో కడప జిల్లాలో ఆరంభమైన సురభి నాటక సమాజం భార్యాబిడ్డలతో సహా ఊరూరా తిరిగింది. అక్కడ ఇల్లే ప్రయాణమైంది. రాక్ బృందం మాత్రం ఇంటిని విడిచి వెళుతుంది. ‘కందీసా’లోని ఒక స్వరరచన పేరు ‘లీవింగ్ హోమ్’. దర్శకుడు జైదీప్ వర్మ ఈ బృందంపై తీసిన చిత్రానికీ అదే పేరు పెట్టారు. ఢిల్లీలో ఉన్న రోజుల్లో సభ్యులు కలిసేది కరోల్ బాగ్‌లోని ఒక పాత ఇంట్లో. 1997 నుంచి ఏళ్ల తరబడి వారి సాధన అక్కడే సాగింది.

2009లో దోహా వెళ్లినప్పుడు అశీమ్ చక్రవర్తికి గుండెపోటు వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 25న ఆయన కన్నుమూశారు. ఆయన గళం నిక్షిప్తమైన ఆల్బమ్‌ను మరుసటి ఏడాది, నెలకొక పాట చొప్పున శ్రోతలకు ఉచితంగా అందించారు. దానికి పెట్టిన పేరు ఆ సాధనా గృహం చిరునామా: ‘16/330 ఖజూర్ రోడ్’.

ఆయన స్థానాన్ని ఒక్కరితో భర్తీ చేయడం సాధ్యం కాలేదు. తబలాకు తుహీన్ చక్రవర్తి, గానానికి హిమాంశు జోషి వచ్చారు. 2013లో సుస్మిత్ సేన్ వైదొలగగా నిఖిల్ రావ్ గిటారు అందుకున్నారు. 2015లో బృందం ‘మసాన్’ చిత్రానికి సంగీతం సమకూర్చింది.

సంచార సంగీతకారులకు నెలజీతం లేదు, వేతనంతో కూడిన సెలవు లేదు. ఒంట్లో బాగాలేదని కచేరీ మానుకుంటే ఆ రోజు సంపాదనా ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించగానే దేశమంతటా వేదికలు మూతపడ్డాయి. కళాకారులతో పాటు మైకులు అమర్చేవారు, దీపాలు కట్టేవారు, సామాను మోసేవారు కూడా ఉపాధి కోల్పోయారు. వేదికపై వినిపించే రెండు గంటల పాట వెనుక ఇందరి శ్రమ, ఇన్ని గంటల దారి ఉన్నాయి.