కనుమ దారిలో సైకిలు

రెండు కొండల నడుమ మనుష్యునికి, ఎద్దుకు అడుగు పెట్టనిచ్చే సందును మన పూర్వులు కనుమ అన్నారు. మోకిల గ్రామం నుండి ఒక యువకుడు సైకిలుపై కాశ్మీరమునకు బయలుదేరినాడనుకొందాము. అతనికి ఎదురయ్యే తొలి కనుమ ఏది? చేవెళ్ళ మీదుగా పోతే వికారాబాదు వద్ద అనంతగిరి కొండలున్నవి. మూసీ పుట్టినది అక్కడనే. కాని అవి పడమట ఉన్నవి; కాశ్మీరపు బాట ఉత్తరమునకు. మేడ్చల్, కామారెడ్డి గడచి, సోన్ వద్ద గోదావరిని దాటి, నిర్మల్ పట్టణమును విడిచిన పిమ్మట గాని అతనికి నిజమైన కొండ అడ్డుపడదు. దానినే నిర్మల్ ఘాటు అని, మహబూబ్ ఘాటు అని అంటారు. హైదరాబాదు నుండి నాగపూరుకు పోయే పాత బాట టేకు అడవి నడుమ మలుపులు తిరుగుతూ దానిని ఎక్కుతుంది.

ఈ దారి సైకిలు కంటె ఎంతో పాతది. చెన్నపట్నపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు చూచుకొని, ఈ దిక్కుననే నాగపూరు చేరినారు. ఆయన ప్రయాణం పల్లకీలో. వీరాస్వామయ్యగారు కొండలు దాటినారని మనం వ్రాసుకొంటాము. నిజానికి దాటినవి బోయీల పాదములు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర విలువను తగ్గించుటకు ఈ మాట అనుటలేదు. కనుమ దాటినాడన్న వాక్యమునకు కర్త ఎవరన్నది తేలిక ప్రశ్న కాదని మాత్రమే నా మనవి.

సైకిలు వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న తలక్రిందులైనది. థామస్ స్టీవెన్స్ అను యువకుడు 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరినాడు. అతని బండికి ముందుచక్రం ఏబది అంగుళములు, వెనుకచక్రం చిన్నది. పెడళ్ళు ముందుచక్రపు ఇరుసునకే బిగించి ఉండేవి. సియెరా నెవాడా పర్వతములలో మంచు దారిని కప్పివేయగా, రైలుపట్టాలపై మంచు పడకుండ కట్టిన చెక్క కప్పుల క్రింద అతడు బండిని నెట్టుకొంటూ నడిచినాడు. 104 దినములకు, ఆగస్టు 4న, బోస్టను చేరినాడు. ఆ 3,700 మైళ్ళలో మూడవవంతుకు పైగా కాలినడకయే! తరువాత ఐరోపా, టర్కీ, పర్షియా తిరిగి, ఆఫ్ఘనిస్తానమున అడ్డగింపబడి, ఓడలో మన దేశమునకు వచ్చి, లాహోరు నుండి కలకత్తా వరకు తొక్కినాడు. 1886 డిసెంబరు 17న యొకొహామాలో యాత్ర ముగించినాడు. సైకిలుపై ప్రపంచమును తొలిసారి చుట్టినవాడని అతని కీర్తి. వీరాస్వామయ్యగారిని మనుష్యులు మోసినారు. స్టీవెన్స్ తన వాహనమును తానే నడిపించుకొని పోయినాడు.

ఎక్కుడు దారిలో దిగవలసి వచ్చుటకు కారణం కండబలము చాలకపోవుట ఒక్కటే కాదు. ఆ పెద్దచక్రపు బండిలో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టు తిరుగవలసినదే. తేలిక చేసుకొనే ఉపాయం లేదు. 1885లో స్టార్లీ గొలుసుతో నడిచే రోవర్ బండిని తెచ్చినాడు. 1888లో డన్లప్ గాలి టైరు తెచ్చినాడు. గొలుసు వెనుక పళ్ళచక్రమును పెద్దది చేస్తే కాలు ఎక్కువ సార్లు తిరుగుతుంది, బరువు తగ్గుతుంది. గేర్ల రహస్యమంతా ఇంతే. అయినను ఫ్రాన్సు దేశపు పెద్ద పందెము, 1910లో పిరెనీసు పర్వతముల లోని 2,115 మీటర్ల తుర్మలే కనుమను ఎక్కించినప్పుడు సైతము, స్వారీలో గొలుసును ఒక పళ్ళచక్రం నుండి వేరొకదానికి మార్చే సాధనమును అనుమతింపలేదు. దిగకుండ ఆ కనుమ ఎక్కినందుకు గారిగూ అనువానికి నూరు ఫ్రాంకుల బహుమానం ఇచ్చినారు. ఆ సాధనమునకు అనుమతి 1937లో గాని రాలేదు. కష్టమును తగ్గించుట మోసమన్న భావన అట్టిది! నాకది మూర్ఖపు పట్టుదలగానే తోస్తుంది.

మన దేశమున 1923 అక్టోబరులో బొంబాయి నుండి పారశీ యువకులు సైకిళ్ళపై లోకమును చుట్టుటకు బయలుదేరినారు. ఆదీ హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అను ముగ్గురు 1928 మార్చిలో యాత్ర ముగించుకొని తిరిగి వచ్చినారు. వారి పేర్లు నిలిచినవి. మోకిల, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు నుండి పాలక్యాన్లు, కూరగాయల గంపలు సైకిలుకు కట్టి, గేరు లేని బండిని ఎత్తులలో దిగి నెట్టుకొంటూ నగరమునకు వచ్చినవారి పేర్లు ఏ గ్రంథమునకూ ఎక్కలేదు. ఒక తరమున వారు నెట్టిన మైళ్ళు లెక్కవేస్తే స్టీవెన్స్ నడక చిన్నదవుతుంది.

కనుమలో దిగుడు మరింత గడ్డు. ఎక్కునప్పుడు అలసినవాడు ఆగవచ్చును. దిగునప్పుడు బ్రేకు వేడెక్కి పట్టు సడలితే మలుపు ఆగనీయదు. అందుచేతనే తెలిసినవారు ఘాటు తలపై నిలిచి, బ్రేకు కట్టెలను తడవి చూచుకొని గాని కదలరు.

మన మోకిల యువకుడు నిర్మల్ కనుమ ఎక్కి, నేరడిగొండ, ఇచ్చోడ, ఆదిలాబాదు గడచి ఉత్తరమునకు పోతాడు. కాశ్మీరలోయకు ముందు అతనికి మిగిలే పెద్ద కనుమ బానిహాల్. అక్కడ 1956లో జవహర్ సొరంగమును, 2021లో మరింత పొడవైన క్రొత్త సొరంగమును తెరచినారు. ఇప్పుడు బండ్లు కొండ తలకు ఎక్కనక్కరలేదు. దాని కడుపులోనుండి పోతవి. పాత బాట మాత్రము పైన, 2,832 మీటర్ల ఎత్తున, ఇంకను ఉన్నది.