సున్నం మూలకంగా ఉన్న రోజులు

1789లో ఆంటోయిన్ లెవోయిజర్ అచ్చువేయించిన మూలకాల పట్టికలో 33 పేర్లున్నాయి. ఆక్సిజన్, గంధకం, బంగారం సరే. వాటి సరసన వెలుతురు, వేడి, సున్నం కూడా ఉన్నాయి. ఇవాళ హైస్కూలు పిల్లవాడు పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. లెవోయిజర్ లెక్క వేరు: ఇంతవరకు ఎవరూ విడగొట్టలేకపోయినదే మూలకం. సున్నాన్ని అప్పటికి ఎవరూ విడగొట్టలేదు, ఎప్పటికైనా విడిపోతుందని ఆయనకు అనుమానం ఉన్నా. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో అందులోంచి కాల్షియం రాబట్టాక సున్నం సంయోగ పదార్థాల్లో చేరింది. నీరు అంతకుముందే, 1780లలోనే మూలకం హోదా పోగొట్టుకుంది.

మూలకం సంగతి ఇలా తేలింది కానీ, సంయోగ పదార్థానికీ మిశ్రమానికీ మధ్య గీత గీయడమే పెద్ద తగవైంది. క్లాడ్ బెర్తొలే 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లాడు. అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకుని ఉంది. ప్రయోగశాలలో తెలిసిన చర్య అక్కడ తిరగబడి జరుగుతోంది. పదార్థాలు ఎంతెంత ఉన్నాయన్నదాన్ని బట్టి చర్య మారుతుందని ఆయన గ్రహించాడు. అది నిజమే. అక్కడితో ఆగకుండా, సంయోగ పదార్థంలోని పాళ్లు కూడా అలాగే మారతాయన్నాడు. గాజు, మిశ్రమలోహాలు, ద్రావణాలు ఆయనకు సాక్ష్యం.

స్పెయిన్‌లో పనిచేస్తున్న జోసెఫ్ ప్రౌస్ట్ ఒప్పుకోలేదు. గనిలో దొరికిన కాపర్ కార్బొనేట్‌నూ, తాను తయారుచేసినదాన్నీ తూచి చూస్తే పాళ్లు ఒకటే. తగరానికి రెండు ఆక్సైడ్లున్నాయి, రెంటికీ నడుమ ఏమీ లేదు. మీరు చూపే గాజూ కంచూ సంయోగ పదార్థాలే కావు, మిశ్రమాలన్నాడు. గమ్మత్తైన వాదనే ఇది: పాళ్లు మారనిదే సంయోగ పదార్థమని ముందే అనుకుంటే, మారేదాన్ని పక్కకు నెట్టేయడం తేలిక. డాల్టన్ పరమాణువులు వచ్చి ఆదుకోకపోతే ఈ వాదం ఎటు తిరిగేదో! పరమాణువు ముక్కలు కాదు కనుక పాళ్లు కూడా అంచెలంచెలుగానే మారాలి.

ప్రౌస్ట్ గెలుపే నేటి బడి ప్రయోగం. ఇనుప రజను 7 పాళ్లు, గంధకం 4 పాళ్లు కలిపితే అయస్కాంతానికి రజను ముళ్లలా నిక్కబొడుచుకుని అంటుకుంటుంది, పసుపు పొడి కింద మిగిలిపోతుంది. అదే గొట్టంలో కాలిస్తే నల్లని ఐరన్ సల్ఫైడ్ ముద్దవుతుంది. ఇక అయస్కాంతానికి అంటుకోదని పుస్తకం చెబుతుంది. భూమిలో దొరికే ఐరన్ సల్ఫైడ్ ఖనిజాల్లో ఒకటైన పిర్రొటైట్ మాత్రం ఈ మాట వినదు. దానిలో ఇనుము ఉండాల్సిన దానికంటే కొంచెం తక్కువ, ఆ తక్కువ కూడా నమూనాను బట్టి మారుతుంది. పైగా అయస్కాంతానికి కాస్త అంటుకుంటుంది కూడా. ఇరవయ్యో శతాబ్దంలో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ కుర్నకోవ్, పాళ్లు మారే ఇలాంటి సంయోగ పదార్థాలకు ఓడిపోయిన బెర్తొలే పేరే పెట్టాడు.