లినక్స్‌లో కీబోర్డు పనిచేయకపోవడం

లినక్స్ ఆధారిత కంప్యూటర్లలో తెర మామూలుగా కనిపిస్తూ, మౌసు కదులుతూ ఉన్నప్పటికీ, మీటలు నొక్కినపుడు అక్షరాలు పడకపోవడం లేదా వేరే అక్షరాలు పడడం వాడుకరులు తరచు ఎదుర్కొనే సమస్యలలో ఒకటి. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి అన్ని డెస్క్‌టాప్ పరిసరాలలోనూ ఇది కనిపిస్తుంది. ఇటువంటి సందర్భాలలో కీబోర్డు నిజంగా చెడిపోయి ఉండనవసరం లేదు. మీట నొక్కిన సంకేతం అక్షరంగా మారే దారిలో ఏదో ఒక మెట్టు వద్ద ఆగిపోయి ఉండవచ్చును. తెలుగులో టైపు చేసేవారికి ఈ దారిలో మరొక మెట్టు అదనంగా ఉంటుంది కనుక, లోపం ఎక్కడున్నదో గుర్తించడం వారికి మరింత అవసరం.

కీబోర్డు పనిచేసే విధానం

మీట నొక్కినప్పటి నుండి అక్షరం తెరపై కనబడే వరకు సంకేతం ఈ క్రింది దశలను దాటుతుంది.

1. కీబోర్డు తన సంకేతాన్ని యూఎస్‌బీ, బ్లూటూత్ లేదా పాత పీఎస్/2 మార్గం ద్వారా కంప్యూటరుకు పంపుతుంది.
2. లినక్స్ కెర్నెల్ ఆ సంకేతాన్ని గ్రహించి, ఏ మీట నొక్కబడినదో తెలిపే సంఖ్యగా అందజేస్తుంది.
3. తెరను నిర్వహించే ఎక్స్ సర్వరు లేదా వేలాండ్ కంపోజిటరు ఆ సంఖ్యను స్వీకరిస్తుంది.
4. ఎక్స్‌కేబీ అనే వ్యవస్థ, ఎంచుకున్న అమరికను బట్టి ఆ సంఖ్యకు అక్షరాన్ని నిర్ణయిస్తుంది.
5. ఐబస్ వంటి ఇన్‌పుట్ పద్ధతి వాడుకలో ఉంటే, అది ఆ అక్షరాలను కలిపి తెలుగు అక్షరాలుగా మారుస్తుంది.
6. చివరకు అప్లికేషను ఆ అక్షరాన్ని ఫాంటు సహాయంతో తెరపై చూపుతుంది.

ముందు చేయవలసినది

కీబోర్డు స్పందించనపుడు చాలామంది విద్యుత్ మీటను నొక్కిపట్టి కంప్యూటరును ఆర్పివేస్తారు. దీని వలన భద్రపరచని పని అంతా పోతుంది. అప్పుడే వ్రాయబడుతున్న ఫైళ్ళు కూడా పాడయ్యే అవకాశముంది. మౌసు పనిచేస్తున్నంత వరకు ఇది అనవసరం. ముందుగా అప్లికేషను మెనూలోని 'భద్రపరచు' ఆదేశాన్ని మౌసుతో నొక్కాలి. ఫైలుకు పేరు పెట్టవలసివస్తే, సౌలభ్య అమరికలలో (యాక్సెసిబిలిటీ) లభించే తెరమీది కీబోర్డును వాడుకోవచ్చును. కంప్యూటరును తిరిగి ప్రారంభించడం కూడా మౌసుతో, మెనూ ద్వారానే చేయవచ్చును.

లోపాన్ని గుర్తించడం

లోపం ఏ దశలో ఉన్నదో తెలుసుకొనడానికి ఈ పరీక్షలు ఉపకరిస్తాయి.

* క్యాప్స్‌లాక్ దీపం: మీటను నొక్కినపుడు దీపం వెలిగి ఆరుతూ ఉంటే సంకేతం కంప్యూటరుకు చేరుతున్నట్లే. అన్ని కీబోర్డులకు ఈ దీపం ఉండదు.
* గ్రబ్ మెనూ: కంప్యూటరు ప్రారంభమయ్యేటపుడు వచ్చే ఈ మెనూలో బాణపు మీటలు పనిచేస్తే కీబోర్డు బాగున్నట్లే. ఈ దశలో లినక్స్ ఇంకా మొదలై ఉండదు.
* అక్షర కన్సోలు: కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే డెస్క్‌టాప్‌తో సంబంధం లేని నల్లని తెర వస్తుంది. అక్కడ అక్షరాలు పడితే కెర్నెల్ వరకు లోపం లేదు. లోపం డెస్క్‌టాప్‌లో ఉంది. అదే విధంగా ఎఫ్1, ఎఫ్2 లేదా పాత పంపిణీలలో ఎఫ్7తో తిరిగి డెస్క్‌టాప్‌కు రావచ్చును.
* కొత్త వాడుకరి ఖాతా: వేరొక ఖాతాలో కీబోర్డు పనిచేస్తే, మొదటి ఖాతాలోని అమరికలే కారణం.

కారణాలు, పరిష్కారాలు

హార్డ్‌వేరు: తీగ వదులు కావడం, వైర్‌లెస్ కీబోర్డులో బ్యాటరీ అయిపోవడం, మీటల క్రిందికి నీరో టీయో చేరడం సాధారణ కారణాలు. యూఎస్‌బీ కీబోర్డును వేరొక పోర్టులో పెట్టి చూడాలి. పీఎస్/2 కీబోర్డును మాత్రం కంప్యూటరు నడుస్తుండగా తీసి పెట్టరాదు.

నెమ్మది మీటలు: కీబోర్డు పాడయిందని పొరపడడానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి. వేళ్ళు వణికేవారికి ఉపయోగపడేందుకు ఏర్పరచిన ఈ సౌకర్యంలో, మీటను కొంతసేపు నొక్కి ఉంచితేనే అక్షరం పడుతుంది. ఈ సత్వర మార్గం అమలులో ఉన్నచోట, షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఇది తనంతట తానే మొదలవుతుంది. షిఫ్ట్ మీద చేయి ఉంచి ఆలోచిస్తూ కూర్చున్నవారికి ఇలా జరగవచ్చును. మరల షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచినా, సౌలభ్య అమరికలలో 'స్లో కీస్'ను నిలిపివేసినా సమస్య తీరుతుంది. షిఫ్ట్‌ను వరుసగా 5 సార్లు నొక్కినపుడు మొదలయ్యే 'స్టికీ కీస్' కూడా ఇటువంటిదే.

ఇన్‌పుట్ డ్రైవరు లోపించడం: వ్యవస్థను నవీకరించిన తరువాత కీబోర్డు, మౌసు రెండూ ఒకేసారి ఆగిపోతే, ఎక్స్ సర్వరుకు చెందిన ఇన్‌పుట్ ప్యాకేజీ తొలగిపోయి ఉండవచ్చును. కన్సోలు నుండి ఆ ప్యాకేజీని తిరిగి స్థాపించాలి. పూర్వం కీబోర్డు వివరాలను ఎక్స్ సర్వరు అమరిక ఫైలులో చేత్తో వ్రాయవలసి వచ్చేది. పరికరాలను దానంతట అదే గుర్తించే పద్ధతి 2007లో ఎక్స్ సర్వరులోకి వచ్చింది.

ల్యాప్‌టాప్ నియంత్రిక: కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంప్యూటరును నిద్ర నుండి లేపిన తరువాత లోపలి కీబోర్డు స్పందించదు. బయటి యూఎస్‌బీ కీబోర్డు పనిచేస్తూ ఉంటే ఐ8042 అనే నియంత్రిక వద్ద లోపం ఉన్నదని అనుమానించవచ్చును. కెర్నెల్ ప్రారంభ ఆదేశంలో ఆ నియంత్రికను రీసెట్ చేయమని సూచించడం దీనికి ఒక పరిష్కారం.

తెలుగు టైపింగుకు సంబంధించిన సమస్యలు

లినక్స్‌లో తెలుగు వ్రాయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఎక్స్‌కేబీలోని తెలుగు అమరిక. ఇది ఇన్‌స్క్రిప్ట్‌ను అనుసరిస్తుంది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్, 1991లో ఐఎస్ 13194 ప్రమాణంలో భాగమైంది. రెండవది ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీని వాడడం. ఇందులో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్టీఎస్ మొదలైన పద్ధతులున్నాయి.

ఏ మార్గంలో లోపమున్నదో తెలుసుకొనడానికి ఒక పదాన్ని టైపు చేసి చూడవచ్చును. అనకాపల్లి జిల్లాలోని గ్రామమైన 'తుమ్మపాల' పేరులో హల్లులు, గుణింతాలు, ఒత్తు మూడూ ఉన్నాయి కనుక ఇది పరీక్షకు అనువైనది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ పేరుకు ఇంగ్లీషు మీటలు ఎల్, జి, సి, డి, సి, హెచ్, ఇ, ఎన్ వరుసగా నొక్కాలి. నాలుగవదైన డి మీట పొల్లును ఇస్తుంది. దాని వలననే తరువాతి 'మ' ఒత్తుగా మారుతుంది.

* పేరు సరిగా పడితే కీబోర్డులో గాని అమరికలో గాని లోపం లేదు.
* ఇంగ్లీషు అక్షరాలే పడితే అమరిక మారలేదు. గ్నోమ్‌లో సూపర్, స్పేస్ మీటలతో మార్చవచ్చును.
* ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం టైపు చేసినపుడు 'హససో' వంటి అక్షరాలు పడితే, ఆర్టీఎస్‌కు బదులు ఇన్‌స్క్రిప్ట్ ఎంపికై ఉంది.
* అక్షరాలకు బదులు పెట్టెలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదు.
* ఇంగ్లీషు పడుతూ, తెలుగుకు మార్చగానే ఏమీ పడకపోతే ఐబస్ ఆగిపోయి ఉండవచ్చును. పలకమీది ఐబస్ మెనూలో 'రీస్టార్ట్' నొక్కాలి.
* ఒక అప్లికేషనులో మాత్రమే తెలుగు పడకపోతే, జీటీకే, క్యూటీలకు ఇన్‌పుట్ పద్ధతి పేరు తెలిపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళను పరిశీలించాలి.

సంకేతపదం తిరస్కరణ: లాగిన్ తెరపై తెలుగు అమరిక ఎంపికై ఉంటే సంకేతపదం తెలుగు అక్షరాలలో పడుతుంది. తెరపై చుక్కలు మాత్రమే కనిపిస్తాయి కనుక వాడుకరి పొరపాటును గుర్తించలేరు. సంకేతపదం మరచిపోయామనో, కీబోర్డు చెడిందనో భావిస్తారు. అటువంటపుడు తెర అంచున ఉన్న భాష గుర్తును చూసి ఇంగ్లీషుకు మార్చాలి. ఆదేశాలకు, సంకేతపదాలకు ఇంగ్లీషు అవసరం కనుక ఆ అమరికను జాబితాలో మొదటి స్థానంలో ఉంచడం, ఎన్నడూ తొలగించకుండడం మంచిది.

పాఠశాలలలో, గ్రంథాలయాలలో ఒకే కంప్యూటరును పలువురు వాడుతుంటారు. ఒకరు మార్చిన అమరిక తరువాతి వారికి లోపంగా తోచవచ్చును. పని ముగించేటపుడు అమరికను తిరిగి ఇంగ్లీషుకు మార్చడం, లేదా ఎవరి ఖాతా వారికి ఏర్పరచడం ద్వారా దీనిని నివారించవచ్చును.

తెలుగు లినక్స్

తెలుగులో మెనూలు గల 'స్వేచ్ఛ' లినక్స్ 2005లో విడుదలైంది. సీడాక్ సంస్థ రూపొందించిన 'బాస్' లినక్స్ కూడా భారతీయ భాషలకు తోడ్పాటునిస్తుంది. ఇవి రెండూ డెబియన్‌పై ఆధారపడినవి. అందువలన డెబియన్‌కు వర్తించే కీబోర్డు పరిష్కారాలు సాధారణంగా వీటికీ వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* ఇన్‌స్క్రిప్ట్
* లేఖిని
* యూనికోడ్