ద్వంద్వ రక్తఫలకిక నిరోధక చికిత్స

ద్వంద్వ రక్తఫలకిక నిరోధక చికిత్స అనగా హృద్ధమనిలో స్టెంటు అమర్చిన తరువాత, ఆ స్టెంటులో రక్తము గడ్డకట్టకుండా రెండు మందులను కలిపి కొంతకాలము పాటు ఇచ్చే వైద్య విధానము. ఈ రెండింటిలో ఒకటి యాస్పిరిన్. రెండవది క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ అను మందులలో ఏదో ఒకటి. వాడుకలో వీటిని "రక్తాన్ని పలుచన చేసే మందులు" అంటారు. గుండెను కాపాడే ఈ మందులే కొందరిలో కడుపులో మంట, పుండ్లు, రక్తస్రావము కలిగిస్తాయి. కడుపు బాధకు తాళలేక మందు మానివేసినచో స్టెంటు మూసుకొనిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున మందు ఆపకుండా కడుపును కాపాడుకొనుట ఈ చికిత్సలో అత్యంత ముఖ్యమైన అంశము.

పేరు గురించి

"పలుచన" అనే మాట వాడుకలో స్థిరపడినప్పటికీ, ఈ మందుల వలన రక్తము నీరువలె పలుచబడదు. రక్తములో ఎర్ర కణాలు, తెల్ల కణాలతో పాటు ప్లేట్‌లెట్లు అని పిలువబడే రక్తఫలకికలు ఉంటాయి. గాయము తగిలినపుడు ఇవి ఒకదానికొకటి అతుక్కొని గడ్డకు పునాది వేస్తాయి. ఈ మందులు ఆ అతుక్కొనే గుణాన్ని తగ్గిస్తాయి. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వంటి మందులు వేరొక తరగతికి చెందినవి. అవి రక్తములోని గడ్డకట్టించే మాంసకృత్తులు తయారగుటను తగ్గిస్తాయి. వాటిని వాడేవారు తరచుగా ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష చేయించుకోవలెను. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆ పరీక్ష అవసరము లేదు.

చరిత్ర

1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరములో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అనే వైద్యుడు మొట్టమొదటిసారిగా సన్నని గొట్టము చివర అమర్చిన బుడగతో మానవుని హృద్ధమనిలోని అడ్డంకిని తొలగించాడు. అయితే అలా తెరచిన ధమని కొందరిలో మళ్ళీ మూసుకొనిపోయేది. దీనికి పరిష్కారముగా 1986లో ఫ్రాన్సులోని టులూజ్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండులోని లొసాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ హృద్ధమనిలో లోహపు జాలీని అమర్చారు. అదియే స్టెంటు.

తొలి స్టెంట్లు వేయించుకున్న రోగులలో పలువురికి కొద్ది రోజులలోనే స్టెంటులో రక్తము గడ్డకట్టినది. దానిని నివారించుటకు హెపారిన్, వార్ఫరిన్ ఇచ్చేవారు. గడ్డలు పూర్తిగా ఆగలేదు సరికదా, రక్తస్రావాలు పెరిగినవి. 1990 దశకము మధ్యలో యాస్పిరిన్‌కు టిక్లోపిడిన్ అనే మందును జోడించినపుడు గడ్డలూ తగ్గినవి, రక్తస్రావములూ తగ్గినవి. టిక్లోపిడిన్ వలన కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరముగా తగ్గిపోవుటచే, 1997లో అమెరికాలో ఆమోదము పొందిన క్లోపిడోగ్రెల్ దాని స్థానమును ఆక్రమించినది.

2002-03 ప్రాంతములో మందుపూత గల స్టెంట్లు వచ్చినవి. ఇవి ధమని తిరిగి కుంచించుకొనిపోవుటను బాగా తగ్గించినవి. కాని ఆ పూత వలన స్టెంటుపై సహజమైన లోపొర ఏర్పడుట ఆలస్యమవుతుంది. 2006లో ఈ విషయముపై వైద్యలోకములో పెద్ద చర్చ జరిగి, రెండు మందులను ఒక సంవత్సరము వాడవలెనను సూచనలు వెలువడినవి. తరువాత వచ్చిన కొత్త తరము స్టెంట్లతో ఈ గడువును కొందరిలో తగ్గించుట సాధ్యమైనది.

మందులు పనిచేయు విధానము

స్టెంటు శరీరానికి పరాయి వస్తువు. రక్తఫలకికలు దానిని గాయముగా భావించి దానిపై పేరుకొనుటకు సిద్ధపడతాయి. ధమని లోపొర పెరిగి లోహపు తీగలను కప్పివేసే వరకు ఈ ప్రమాదము ఎక్కువ.

* యాస్పిరిన్: రక్తఫలకికలలో త్రాంబాక్సేన్ అనే రసాయనము తయారుకాకుండా చేస్తుంది. యాస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొనునని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. ఈ రంగములో చేసిన కృషికి ఆయనకు 1982లో నోబెల్ బహుమతి లభించినది.
* క్లోపిడోగ్రెల్: రక్తఫలకికలపై ఉండే పి2వై12 అనే గ్రాహకాన్ని మూసివేస్తుంది. ఇది మింగిన రూపములో పనిచేయదు. కాలేయములోని ఎంజైములు, ముఖ్యముగా సి.వై.పి.2సి19, దీనిని క్రియాశీల రూపములోనికి మార్చవలెను. ఈ ఎంజైము మందకొడిగా ఉండే జన్యు లక్షణము ఐరోపా వారిలో కంటె ఆసియా వారిలో ఎక్కువ.
* ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్: ఇవి క్లోపిడోగ్రెల్ కంటె బలమైనవి. గుండెపోటు వచ్చినవారికి ఎక్కువగా ఇస్తారు. రక్తస్రావ ప్రమాదము కూడా కొంత ఎక్కువ. పూర్వము పక్షవాతము వచ్చినవారికి ప్రాసుగ్రెల్ ఇవ్వరాదు. టికాగ్రెలార్ వలన కొందరికి ఆయాసము కలుగుతుంది.

రక్తఫలకిక ఆయుర్దాయము సుమారు 7 నుండి 10 రోజులు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్రభావము ఆ కణము జీవించినంత కాలము ఉంటుంది. కాబట్టి వీటిని రోజుకు ఒకసారి వేసుకుంటే చాలును. టికాగ్రెలార్ ప్రభావము త్వరగా తగ్గిపోతుంది. అందుచేత దానిని రోజుకు రెండుసార్లు తప్పక వేసుకోవలెను.

చికిత్స కాలపరిమితి

గుండెపోటు వంటి అత్యవసర పరిస్థితిలో స్టెంటు వేసినచో సాధారణముగా 12 నెలలు, స్థిరమైన గుండె జబ్బుకు వేసినచో 6 నెలలు రెండు మందులు వాడుతారు. రక్తస్రావ ప్రమాదము ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు దీనిని ఒకటి నుండి మూడు నెలలకు తగ్గించుట కలదు. ఆ తరువాత రెండింటిలో ఒక మందును మాత్రము దీర్ఘకాలము కొనసాగిస్తారు. ఏ మందును ఎప్పుడు ఆపవలెనో స్టెంటు వేసిన వైద్యుడు నిర్ణయించవలెను. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే రోజుననే ఆ తేదీని అడిగి వ్రాసి ఉంచుకొనుట మంచిది.

మధ్యలో మందు ఆపినచో కలిగే ప్రమాదము

స్టెంటులో హఠాత్తుగా రక్తము గడ్డకట్టుట అరుదైనదే కాని, కట్టినపుడు పెద్ద గుండెపోటుగా పరిణమిస్తుంది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనములో జర్మనీ, ఇటలీలలోని మూడు ఆసుపత్రులలో మందుపూత స్టెంట్లు వేయించుకున్న 2,229 మందిని తొమ్మిది నెలలు పరిశీలించారు. వారిలో 29 మందికి స్టెంటులో గడ్డ ఏర్పడినది. ఆ 29 మందిలో 13 మంది మరణించారు. గడ్డ ఏర్పడుటకు దోహదము చేసిన అంశాలలో మందును గడువుకు ముందే ఆపివేయుట అన్నింటికంటె బలమైనదిగా తేలినది. నేటి స్టెంట్లు మెరుగైనవి, అయినను ఈ హెచ్చరిక మారలేదు.

జీర్ణాశయముపై ప్రభావము

జీర్ణాశయములో ఊరే ఆమ్లము చాలా తీక్ష్ణమైనది. దాని నుండి జీర్ణాశయపు గోడను జిగురు పొర కాపాడుతుంది. ఆ పొరను పోషించేవి ప్రోస్టాగ్లాండిన్లు. యాస్పిరిన్ రక్తఫలకికలతో పాటు ఈ ప్రోస్టాగ్లాండిన్లను కూడా తగ్గిస్తుంది. కావున గోడ బలహీనపడి పుండు పడవచ్చును. క్లోపిడోగ్రెల్ తనంతట తాను పుండు పుట్టించదు గాని, ఉన్న పుండు మానుటను ఆలస్యము చేస్తుంది, దాని నుండి కారే రక్తము త్వరగా ఆగకుండా చేస్తుంది. అందువలన రెండింటినీ కలిపి వాడునపుడు ప్రమాదము పెరుగుతుంది.

యాస్పిరిన్ మాత్రపై పూత ఉన్నచో కడుపుకు హాని లేదని చాలామంది నమ్ముతారు. ఇది సరికాదు. మందు రక్తములో కలిసిన తరువాత కూడా ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది గనుక పూత వలన పుండ్ల ప్రమాదము తొలగిపోదు.

ఈ క్రింది వారికి ప్రమాదము ఎక్కువ:
* పూర్వము కడుపులో పుండు లేక రక్తస్రావము కలిగినవారు
* 65 సంవత్సరములు దాటినవారు
* కీళ్ళ నొప్పులకు నొప్పి మాత్రలు వాడేవారు
* స్టిరాయిడ్లు, వార్ఫరిన్ వంటి మందులు కూడా వాడేవారు
* జీర్ణాశయములో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉన్నవారు
* మద్యపానము, ధూమపానము చేసేవారు

గుర్తించవలసిన లక్షణాలు

కడుపులో మంట, ఉబ్బరము, పుల్లని త్రేనుపులు సాధారణముగా కనిపించేవి. ఇవి బాధాకరమే గాని అత్యవసరము కావు. ప్రమాద సూచనలు వేరు. మలము తారువలె నల్లగా, జిగురుగా, దుర్వాసనతో రావడము, కాఫీ పొడి వంటి వాంతి లేక రక్తపు వాంతి, కారణము లేని నీరసము, కళ్ళు తిరగడము, ముఖము పాలిపోవడము వీటిలో ముఖ్యమైనవి. వృద్ధులలో పుండు ఏ నొప్పీ లేకుండానే రక్తము కార్చవచ్చును. ఇనుము మాత్రలు వాడేవారికి కూడా మలము నల్లబడుతుంది, కాని అది తారువలె జిగురుగా ఉండదు. సందేహము ఉన్నచో హిమోగ్లోబిన్ పరీక్షతో కొంతవరకు తేల్చవచ్చును.

ఛాతీలో మంటను, బరువును "గ్యాస్" అని తలచి ఉపేక్షించుట తెలుగునాట తరచుగా జరిగే పొరపాటు. స్టెంటు ఉన్నవారికి ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చేతికి లేక దవడకు పాకే నొప్పి వచ్చినపుడు అది గ్యాస్ కాదని రుజువయ్యే వరకు గుండె నొప్పిగానే భావించి 108కు ఫోను చేయవలెను.

జీర్ణాశయ రక్షణ

ఆమ్లము తగ్గించు మందులు: పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్, రాబెప్రజోల్ మొదలైనవి ఆమ్లము ఊరుటను గట్టిగా అదుపు చేస్తాయి. వాడుకలో వీటిని "గ్యాస్ మాత్రలు" అంటారు. ఉదయము అల్పాహారమునకు సుమారు అరగంట ముందు వేసుకొనుట మేలు. హాంగ్‌కాంగ్‌లో జరిగి 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, యాస్పిరిన్ వలన పూర్వము పుండు నుండి రక్తము కారి తగ్గిన 320 మందిని రెండు వర్గములుగా చేశారు. యాస్పిరిన్‌కు బదులు క్లోపిడోగ్రెల్ ఇచ్చినవారిలో 8.6 శాతము మందికి ఏడాదిలో మళ్ళీ రక్తస్రావము కలిగినది. యాస్పిరిన్‌తో పాటు ఇసోమెప్రజోల్ ఇచ్చినవారిలో అది 0.7 శాతము మాత్రమే. మందు మార్చుట కంటె కడుపును కాపాడుట మేలని దీని వలన తెలిసినది.

క్లోపిడోగ్రెల్, ఒమెప్రజోల్ వివాదము: క్లోపిడోగ్రెల్‌ను క్రియాశీలము చేసే ఎంజైమును ఒమెప్రజోల్ అడ్డుకొంటుంది. ఈ రెండింటినీ కలిపి వాడవద్దని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. 2010లో ప్రచురితమైన కోజెంట్ పరిశోధనలో 3,761 మంది పాల్గొన్నారు. ఒమెప్రజోల్ తీసుకున్నవారిలో జీర్ణకోశ సమస్యలు 1.1 శాతము, తీసుకోనివారిలో 2.9 శాతము కనిపించినవి. గుండె సమస్యలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఈ పరిశోధన మధ్యలోనే ఆగిపోయినందున సందేహము పూర్తిగా తీరలేదు. అందుచేత క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆ ఎంజైముతో అంతగా జోక్యము చేసుకోని పాంటోప్రజోల్‌ను వైద్యులు ఎక్కువగా ఇస్తారు.

ఇతర మందులు: ఫామోటిడిన్ కొంతవరకు ఉపయోగపడుతుంది గాని ప్రజోల్ తరగతి మందులంత బలమైనది కాదు. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన రానిటిడిన్‌ను మలినాల కారణముగా 2020లో అమెరికాలో ఉపసంహరించారు. 2022లో భారతదేశపు అత్యవసర మందుల జాబితా నుండి తొలగించారు.

హెలికోబాక్టర్ పైలోరీ: ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ సూక్ష్మజీవికి, పుండ్లకు గల సంబంధాన్ని కనుగొన్నందుకు 2005లో నోబెల్ బహుమతి పొందారు. పూర్వము పుండు ఉన్నవారికి దీని పరీక్ష చేసి, ఉన్నచో నిర్మూలించుట మంచిది. ఈ చికిత్సలో వాడే క్లారిత్రోమైసిన్‌ను టికాగ్రెలార్‌తో కలిపి ఇవ్వరాదు. అది టికాగ్రెలార్ మోతాదును రక్తములో విపరీతముగా పెంచుతుంది. కావున వాడుతున్న మందులన్నింటినీ వైద్యునికి చెప్పవలెను.

దీర్ఘకాలము గ్యాస్ మాత్రలు వాడేవారిలో బి12 విటమిను, మెగ్నీషియము తగ్గే అవకాశము కలదు. రెండు మందుల గడువు ముగిసిన తరువాత వీటి అవసరమును వైద్యునితో తిరిగి చర్చించవలెను.

రక్తస్రావము కలిగినపుడు

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. సాధారణముగా 24 గంటలలోపు ఎండోస్కోపీ చేసి, రక్తము కారుచున్న చోటును మూసివేస్తారు. తరువాత మందుల సంగతి గుండె వైద్యుడు, జీర్ణకోశ వైద్యుడు కలిసి నిర్ణయించవలెను. రోగి తనంతట తాను రెండు మందులనూ ఆపరాదు.

ఈ విషయములో హాంగ్‌కాంగ్ వైద్యుడు జోసెఫ్ సంగ్ బృందము 2010లో ప్రచురించిన పరిశోధన గమనింపదగినది. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులకు యాస్పిరిన్ వాడుతూ పుండు నుండి రక్తస్రావమైన 156 మందికి ఎండోస్కోపీతో రక్తము ఆపి, సగము మందికి యాస్పిరిన్ కొనసాగించి, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నెలలోపు మళ్ళీ రక్తస్రావము యాస్పిరిన్ వర్గములో 10.3 శాతము, రెండవ వర్గములో 5.4 శాతము. కాని ఎనిమిది వారాలలో మరణాలు యాస్పిరిన్ వర్గములో 1.3 శాతము కాగా, ఆపినవారిలో 12.9 శాతము. రక్తస్రావమునకు భయపడి మందు ఆపుట ఎక్కువ ప్రాణాలను బలిగొన్నది. ఈ పరిశోధన ప్రత్యేకించి స్టెంటు రోగులపై జరిగినది కాకపోయినను, దాని పాఠము వారికి మరింతగా వర్తిస్తుంది.

నిత్య జీవితములో జాగ్రత్తలు

* మోకాళ్ళ నొప్పికి మందుల దుకాణములో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు కొని వేసుకొనరాదు. ఇవి పుండ్ల ప్రమాదమును ఎంతో పెంచుతాయి. ఇబుప్రోఫెన్ యాస్పిరిన్ పనిని కూడా అడ్డుకొంటుంది. నొప్పికి, జ్వరమునకు తగు మోతాదులో పారాసిటమాల్ మేలు.
* భారతదేశములో యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్రలు దొరుకుతాయి. ఇద్దరు వైద్యుల వద్ద చూపించుకునేవారు ఒకే మందును రెండు పేర్లతో వేసుకొనకుండా చీటీలను సరిచూచుకోవలెను.
* ఒక పూట మరచినచో గుర్తుకు వచ్చినపుడు వేసుకొనవచ్చును. తరువాతి మోతాదు సమయము సమీపించినచో వదలివేయవలెను. రెండు మోతాదులు ఒకేసారి వేసుకొనరాదు.
* పన్ను తీయుటకు చాలా సందర్భాలలో మందు ఆపనవసరము లేదు. అత్యవసరము కాని శస్త్రచికిత్సలను గడువు ముగిసే వరకు వాయిదా వేయుట మంచిది.
* పచ్చళ్ళు, కారము వలన పుండు పుట్టదు, కాని ఉన్న మంటను పెంచవచ్చును. ఎవరికి పడనిది వారు తగ్గించుకోవలెను.
* ఊరు వెళ్ళునపుడు రెండు వారాలకు సరిపడు మందులు, స్టెంటు వివరాల చీటీ వెంట ఉంచుకోవలెను.

తెలుగు రాష్ట్రాలలో

1990 దశకములో హైదరాబాదుకు చెందిన హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చుతో కలాం-రాజు స్టెంటును రూపొందించారు. 2007లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము వలన పేదలకు స్టెంటు చికిత్స అందుబాటులోనికి వచ్చినది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము స్టెంట్ల ధరలకు పరిమితి విధించి, మందుపూత స్టెంటు గరిష్ఠ ధరను పన్నులు కాక రూ. 29,600గా నిర్ణయించినది. దీనితో స్టెంటు వేయించుకొనుట సులభమైనది. తరువాతి నెలలలో ప్రతిదినము మందు తప్పకుండా వేసుకొనుట మాత్రము రోగి, కుటుంబ సభ్యుల చేతిలోనే ఉన్నది.

ఇవి కూడా చూడండి

* గుండెపోటు
* యాస్పిరిన్
* జీర్ణాశయ వ్రణము
* ఎండోస్కోపీ