ఉంగరానికా, కత్తెరకా? కలిదిండి పంచాయతీల్లో విధానాల ప్రశ్న

పంచాయతీ ఎన్నికలనగానే మన పేటల్లో ముందు వినపడే మాట 'ఈసారి రిజర్వేషన్ ఎవరికొచ్చింది?' అని. 'ఎవరేం చేస్తామంటున్నారు?' అన్నది తర్వాతెప్పుడో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. దీన్ని మనవాళ్ల అమాయకత్వమని కొట్టిపారేసే మేధావులున్నారు. మేం ఒప్పుకోం. విధానాల్ని పోల్చి చూసే వీలు లేకుండా ఎన్నికనే తయారుచేశారు.

1994 పంచాయతీరాజ్ చట్టం కింద సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తుల్లేవు. ఉంగరానికో కత్తెరకో ఓటేస్తాం. వాటికి మేనిఫెస్టో ఉండదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీలకు పార్టీలున్నాయి గదా అంటే, 2021 ఏప్రిల్ 8న ఆ పోలింగ్ జరిగినప్పుడు ప్రధాన ప్రతిపక్షం తెలుగుదేశం బహిష్కరిస్తున్నామని ప్రకటించింది. ఇక దేన్ని దేంతో పోల్చాలి? ఆ ఏడాది ఫిబ్రవరి సర్పంచి ఎన్నికల్లో ఏకగ్రీవానికి ప్రభుత్వం ధర కట్టింది: 2,000 లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10,000 దాటితే 20 లక్షలు. ఏకగ్రీవం కుదిరేది రామాలయం అరుగు మీద. ఆ అరుగు మీద మనవాళ్లకి చోటెక్కడ? 1932లోనే బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు మీద మాట్లాడుతూ అంబేద్కర్ అణగారిన కులాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం కావాలన్నది ఈ అరుగులు తెలిసే. 1993లో 73వ సవరణ కుర్చీ ఇచ్చింది. కుర్చీలో కూర్చునే మనిషిని, అతను ఎవరి చేలో పనిచేస్తాడో ఆ ఆసామే ఎంచితే?

కలిదిండిది ఉప్పుటేరు దగ్గరి నేల, కృష్ణా కాలవల చివరి భూమి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, తర్వాత ఏలూరు జిల్లా. వరిచేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. వరి ఉన్నప్పుడు ఊడ్పు, కలుపు, కోత, అన్నిట్లో ఆడకూలీల చేతులుండేవి. చెరువుకు మేత వేసేవాడు, కాపలావాడు, పట్టుబడి రోజున వలలవాళ్లు చాలు. మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్లు పని వెతుక్కుంటూ ఊరు దాటాలి. భూమిలో నీళ్లు ఉప్పు. ఎండాకాలం కాలవ కట్టేస్తే పంచాయతీ మంచినీళ్ల చెరువే దిక్కు. దాని గట్టు పక్కనే రొయ్యల చెరువు తవ్వితే ఏం తాగాలి?

ఇవి సర్పంచి చేతిలో లేని సంగతులంటారు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చేపల పెంపకం ఉంది, తాగునీరు ఉంది, షెడ్యూల్డు కులాల సంక్షేమమూ ఉంది. రాష్ట్రం అధికారం ఇవ్వలేదనొచ్చు, నిజమే. కానీ తీర్మానం చేయడానికి, అభ్యంతరం రాసి పంపడానికి ఎవరడ్డం?

సిమెంటు రోడ్డు, వీధిదీపం అందరూ ఇస్తామంటారు. వాటితో ఎవరికీ నష్టం లేదు. ఎవరి చెరువుకు అడ్డం చెప్తారు, ఎవరి ఆక్రమణలోంచి శ్మశానం జాగా తీసిస్తారు: అభ్యర్థుల మధ్య తేడా అక్కడే బయటపడుతుంది. మనవాళ్లనీ వదలకూడదు. మాల అభ్యర్థి గెలిస్తే కుళాయి మాదిగపల్లె దాకా వెళ్తుందా? 1994 నుంచి దండోరా అడుగుతున్నది ఇలాంటి లెక్కే. 2011 సవరణతో సగం సీట్లు ఆడవాళ్లవయ్యాయి. అక్కడ ఊడ్పుల కూలి పోయిన సంగతి అభ్యర్థినే అడుగుదాం. పక్కన నిలబడి జవాబు చెప్పే భర్తని కాసేపు ఆగమందాం.

ఇంకో సంగతి, చిన్నదే. పంచాయతీ చెరువుల్లో చేపలకు వేలంపాట పెడతారు. పాట డబ్బులో పేట కుళాయికి, పేట శ్మశానానికి ఎంత పెడతారో పోటీలో ఉన్న ప్రతి ఒక్కరినీ అంకెల్లో చెప్పమందాం.